ఆలస్యంగా వచ్చే ఆమేన్

మా పంతులమ్మ పోయిన గురువారం పొద్దున కన్నుమూశారు. లింగంపల్లి స్టేషన్లో గంట కొట్టే పని మా ఇంటాయనది. డ్యూటీ దిగి వస్తూ ప్రార్థన మందిరం దగ్గర ఆ మాట విని, చంకలో జెండాలు అట్లాగే పెట్టుకొని ఇంట్లోకి వచ్చారు. "మీ పంతులమ్మ ఇగ లేదు" అన్నారు. పొయ్యి మీది ఎసరు దించి, గిన్నె మీద మూత పెట్టి, అప్పుడు కూర్చున్నాను.

ఆమె మందిరం వరండాలో పిల్లలకు అక్షరాలు, ఆదివారం వాక్యం చెప్పేవారు. నాకు రాయడం వచ్చింది ఆమె వల్లనే, పెళ్ళయి ముగ్గురు పిల్లలు పుట్టాక. కొప్పులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు ఉండేది. చేతికి వచ్చిన ఏ కాగితాన్నీ దిద్దకుండా వదిలేవారు కారు. పెళ్ళి పత్రికలు సరే, మందిరం తలుపుకు పాస్టరు అయ్యగారు అంటించిన నోటీసును కూడా నిలబడి దిద్దారు. అయ్యగారు కొంచెం నొచ్చుకుంటే, "పరాయోళ్ళ రాతైతే నాకేం పని అయ్యగారూ? మీరు మనోళ్ళు గనుక దిద్దిన" అన్నారు.

ఆమెకు ఇంకో అలవాటుండేది. ప్రార్థన ముగిసి మేమంతా ఆమేన్ అన్నాక, మందిరం నిశ్శబ్దమయ్యాక, ఆమె ఆమేన్ ఒక్కటే వెనక నుంచి వచ్చేది. ఒక్కో వారం అసలు వచ్చేదే కాదు. పాపం చెవుడని అందరం అనుకున్నాం. పెద్దలు ఆమె చాపను ముందు వరుసకు మార్చారు. అయ్యగారు గొంతు పెంచి ప్రార్థించడం మొదలుపెట్టారు. నా పక్కన కూర్చునే మేస్త్రీ గారి భార్య చెవిలో వేసుకోమని వెల్లుల్లి వేసి కాచిన నూనె సీసాలో పోసి పంపింది. పంతులమ్మ కాదనలేదు. ఆ నూనెతో చాలా రోజులు దీపం పెట్టుకున్నారు.

అది చెవుడు కాదని నాకు తెలిసింది మా చిన్నపాప పోయాక. మిలిటరీ దిగి రాజ్యం మారిన ఏడు అది. పాపకు జ్వరం తలకెక్కింది. పట్నం దవాఖానకు తీసుకుపోదామంటే నాలుగు రోజులు బండ్లు లేవు. బండి రావాలని మందిరమంతా ప్రార్థించింది. రోజూ గంట కొట్టే మా ఆయన, గంట కొట్టడానికి ఏ బండీ రాక, స్టేషన్ అరుగు మీద తల పట్టుకొని కూర్చున్నారు. ఐదో రోజు బండి వచ్చింది. అప్పటికే పాప లేదు.

ఆ పైన నేను మందిరంలో నోరు విప్పలేకపోయాను. సంఘపెద్ద ఒకాయన, "మనసుల శంక పెట్టుకొని ప్రభువు బల్లకు రావద్దమ్మా" అన్నారు. సరేనని రొట్టె తీసుకోవడమే కాదు, మందిరానికి పోవడమే మానేశాను. నాలుగు ఆదివారాలు ఇంట్లోనే ఉన్నాను. ఏ పనైనా వరుస పెట్టి చేయడం నా అలవాటు. దేవుడి మీద నాకున్న సందేహాలను కూడా ఒక కాగితం మీద అంకెలు వేసి రాసుకున్నాను. పదకొండు వచ్చాయి.

ఐదో ఆదివారం పంతులమ్మ పట్టాల పక్క బాట వెంట నడిచి వచ్చారు. అరుగు మీద కూర్చున్నారు. నేనే కాగితం చేతిలో పెట్టాను. కొప్పులోంచి పెన్సిలు తీశారు. మొదటి నుంచి చివరిదాకా చదివి, దిద్ది తిరిగి ఇచ్చారు.

"అక్షరాలల్ల మూడు తప్పులున్నయి బిడ్డా. ప్రశ్నలల్ల ఒక్కటి లేదు."

నేను ఏడ్చాను. "ఏడోది నాది గూడ" అన్నారు. ఏడోది, "మేము అడిగినప్పుడు ఆయన విన్నాడా?" అన్నది.

"మరి మీరు పిల్లలకు ఎట్ల చెప్తున్నరమ్మా?"

"మా ఆయన్ని మట్టిల పెట్టిన నాడు, అంతా దేవుని చిత్తమన్నరు. అందరు ఆమేన్ అన్నరు. నాకు ఆ ఒక్క మాట అననీకి మూడేండ్లు పట్టింది. అప్పటి సంది మనసు కుదిరినంక అంటున్న. కుదరకుంటే ఊకుంట. ఆయనకు అబద్ధం చెప్పుడెందుకు?"

"పెద్దాయన రావద్దన్నడు కదా?"

"శంక ఉన్నోళ్ళంత బయట కూసుంటే లోపల చాపలే ఉంటయి. లే, జర మొఖం కడుక్కో. ఆమేన్ అనకు. వచ్చి కూసో."

వెళ్ళి కూర్చున్నాను. ఏడాదిన్నరగా కూర్చుంటూనే ఉన్నాను. ఆమె నన్ను ఒక్కసారి కూడా, "ఇప్పుడు నమ్మకం కుదిరిందా?" అని అడగలేదు. ఎదురైతే, "వంట అయిందా?" అని మాత్రం అడిగేవారు.

సమాధి దగ్గర అయ్యగారి ప్రార్థన ముగిసింది. అందరూ ఆమేన్ అన్నారు. తరువాత అయ్యగారు కదల్లేదు. మేమూ కదల్లేదు. రావలసింది ఒకటి ఇంకా ఉన్నట్టు అందరం ఆగాం. అది ఆమె ఆమేన్ కోసం ఆగే అలవాటని తెలిసేసరికి సంఘపెద్ద తువ్వాలుతో మొహం కప్పుకున్నారు.

మొన్న ఆదివారం ఎవరి బిడ్డకో జ్వరమని ప్రార్థన చేశారు. అందరి ఆమేన్ అయిపోయింది. అయ్యగారు మళ్ళీ అట్లాగే ఆగారు. ముందు వరుసలో ఆ చాప ఖాళీగా ఉంది. నా ఏడో ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు. కానీ ఆ బిడ్డ బతకాలని మాత్రం మనసు నిండా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఆమేన్ అన్నారు. నా గొంతే.

మేస్త్రీ గారి భార్య వంగి నా చెవి వైపు చూసింది. సాయంత్రానికి వెల్లుల్లి నూనె సీసా మా ఇంటికి వచ్చింది. గూట్లో ఎర్ర పెన్సిలుతో దిద్దిన నా ప్రశ్నల కాగితం ఉంది కదా, గాలికి ఎగరకుండా దాని మీద పెట్టాను.