గంజి పెట్టిన లాగులు

మా తాతగారి పంచెలు ఆరేసిన రోజున వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూసేవారట. బండారులంకలో చెప్పి నేయించిన సన్నటి పంచెలు. చిక్కటి గంజి పెట్టి, ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని లాగి ఆరేస్తే తాడు మీద బిర్రుగా నిలబడేవి. ఎనభైల మొదట్లో, నా కూతురికి రెండేళ్లు నిండేనాటికి, ఆ వైభవంలో మిగిలినవి ఆ పంచెలే. చేలు పోయాయి. వీధివైపు గదులు అద్దెకిచ్చాం. నేను మాత్రం తాతగారి మనవరాలినే. ఎవరి గుమ్మం ముందూ నిలబడి ఏదీ అడగలేదు.

ఉద్యోగం కూడా నేను అడగలేదు. మా వీధిగదుల్లో అద్దెకుండే టీచరుగారే ఆ మాట తెచ్చారు. ఆవిడ దగ్గర్లోని మిషన్ బడిలో పనిచేసేవారు. ఆవిడ తాత ఒకప్పుడు మా పొలంలో పాలేరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

"అక్కగారూ, మా బళ్లో తెలుగు చెప్పే ఆవిడ మానేసేరండి. మీరు బియ్యే చదివేరు కదా, రాకూడదండీ?"

"మరి పిల్ల?"

"బేబీ క్లాసులో కూర్చోబెట్టొచ్చండి. కాకపోతే అక్కడి ఆయమ్మది ఒకటే పట్టు. ఉచ్చొస్తే చెప్పే పిల్లల్నే తీసుకుంటానంటదండి."

నా పిల్ల చెప్పేది కాదు. మా వైపు ఆ వయసు పిల్లలు మొలతాడుతోనే తిరుగుతారు, నిలబడ్డచోటే పోస్తారు. నా చిన్నప్పుడు తుడవడానికి మనుషులుండేవారు, ఇప్పుడు నేనున్నాను. అమ్మ పోయింది. మావారు ఊళ్లోవాళ్ల తోటల్లో కొబ్బరి దింపులు చూడడానికి తెల్లవారకుండానే వెళ్లేవారు. పిల్లని ఇంట్లో వదిలే వీలు లేదు. వేసవి సెలవులయ్యేలోగా అది చెప్పడం నేర్చుకోకపోతే ఉద్యోగం ఇంకొకరిది.

మర్నాడు టీచరుగారు చంటిపిల్లల లాగుల ప్యాకెట్టు ఒకటి తెచ్చారు. "మా ఆయన దోహా నించి పంపేరండి. ఇవొచ్చేసరికే మావాడు పెద్దోడైపోయేడు. ప్యాకెట్టు కూడా విప్పలేదండి, ఆయ్."

ఒకరు విడిచినవి మా ఇంట్లో తొడగం. ఇవి కొత్తవి కాబట్టి తీసుకున్నాను. ఊరికే తీసుకోవడం కూడా మాకు లేదు. సాయంత్రానికి వాళ్లింటికి ఒక గెల కొబ్బరి బొండాలు పంపాను.

మంచి లాగులే అవి. లోపల తువ్వాలు గుడ్డ, పైన రబ్బరు, దాని మీద బాతుల బొమ్మలు. అవి తొడిగాక గచ్చు మీద చుక్క పడలేదు. పని అయిపోయిందనుకున్నాను. కానీ పిల్ల గవ్వలతో ఆడుకుంటూ ఎంతకీ లేవదు. ఎత్తుకుంటే లాగు బరువుగా వేలాడుతోంది, దాని మొహంలో మాత్రం ఏ దిగులూ లేదు. నాకప్పుడు అర్థమైంది. గచ్చు తడవడం లేదు, నిజమే. తడిసిందని పిల్లకే తెలియనప్పుడు నాకేం చెబుతుంది? దానికి కావలసింది తడి దాచే లాగు కాదు, వెంటనే తడి తెలిసే పల్చటి లాగు.

పల్చటి గుడ్డంటే మా ఇంట్లో ఒకటే ఉంది. భోషాణం తెరిచి తాతగారి పంచె తీశాను.

మావారు కంగారు పడ్డారు. "దానికి కత్తెర పెడతావా?"

"ఆయన మునిమనవరాలికే కదా! పరాయివాళ్లకా?"

ముందు రెండు మడతలు, వెనక ఒకటి. లోపల లాస్టిక్కు పెట్టి, నడుం దగ్గర జరీ అంచు కనబడేలా కుట్టాను. ఉతికి, మా ఇంటి అలవాటు ప్రకారం గంజి పెట్టి ఆరేశాను. సాయంత్రానికి అట్టముక్కల్లా తయారయ్యాయి. తొడిగితే పిల్ల కాళ్లు ఎడంగా పెట్టి నాలుగడుగులు వేసి, ఏడుపు లంకించుకుని, లాగు లాగేసి నూతి గట్టు మీదకి విసిరేసింది. మళ్లీ తొడిగాను. మళ్లీ విసిరేసింది. మర్నాటికి లాగు నా చేతిలో కనబడితే చాలు, మంచం కిందకి దూరేది.

టీచరుగారు ఇదంతా చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. "చంటిదాని లాగుకి గంజేంటండీ అక్కగారూ! అదేవన్నా తగువు తీర్చడానికెళ్తందా?"

"మా ఇంట్లో గంజి లేని బట్ట తాడెక్కదు టీచరుగారూ."

"ఆయ్, తెలుసండి. ఆ గంజి పంచెలో మీ తాతగారు అరుగు మీద కూర్చుంటే, మా తాత వీధి మలుపులోనే ఆగిపోయేవోడంటండి. మీ పాప కూడా అలాగే దూరంగా పోతంది."

అంతకాలం ఎత్తని మాట అలా వచ్చేసింది. ఆవిడ నవ్వు ఆపేశారు. తాతగారి అరుగు ఎలా ఉండేదో నాకు లోపలినుంచే తెలుసు. వీధి మలుపులోంచి ఎలా కనబడేదో ఎవరూ చెప్పలేదు.

లేచి లాగులన్నీ బకెట్లో పడేసి, రెండు మార్లు జాడించి గంజి వదలగొట్టాను. టీచరుగారు రెండో కొస పట్టుకుని పిండారు.

ఆ మెత్తటి లాగుతో పిల్ల మంచం కింద నుంచి బయటికి వచ్చింది. తడి కాలి మీదకి జారగానే టక్కున ఆగి, వంగి చూసుకునేది. కొన్నాళ్లకి లాగు ముందర చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చేది, అప్పటికే ఆలస్యమయ్యేది. ఆ తర్వాత ఆలస్యం తగ్గింది. దోహా లాగుల్ని నేను పారేయలేదు, వాడపల్లి గుడికి వెళ్లేటప్పుడు బస్సులో తొడిగేదాన్ని. దేని పని దానిది.

బడి తెరిచిన రోజు గంజి చీర కట్టుకుని, పిల్లని నడిపించుకుంటూ వెళ్లాను. బేబీ క్లాసు గుమ్మంలో ఆయమ్మ పిల్లని పైనుంచి కిందికి చూసింది. "చెప్తదా అండీ? ఇక్కడికి తెచ్చేటప్పుడు అందరూ చెప్తదనే అంటారు."

నేను జవాబిచ్చేలోపు పిల్ల నా కుచ్చిళ్లు పట్టుకుని గుంజింది. "అమ్మా, ఉచ్చ!" పక్క క్లాసువాళ్లు కూడా తిరిగి చూశారు.

ఆయమ్మ దాన్ని చంకనేసుకుని పెరట్లోకి పరిగెత్తింది. తిరిగొచ్చేటప్పుడు లాగు తడిమి చూస్తూ వచ్చింది. "పొడిగానే ఉందండి," అని, జరీ అంచు వేళ్లతో రాసి చూసి, "ఇదెక్కడ కొన్నారండీ?" అంది.

"కొన్నది కాదు. మా తాతగారిది," అన్నాను.

వరండాలో టీచరుగారు మొహం పక్కకి తిప్పుకుని నవ్వుతున్నారు. గంట కొట్టారు. ఆయమ్మ పిల్లని లోపల చాప మీద కూర్చోబెట్టింది. నేను నా క్లాసుకి వెళ్లాను.