అప్‌డేటూ, మాస్టారి శుభలేఖా

అమలాపురంలో ఒక ప్రెస్సులో పాతికేళ్లు పనిచేశాను. మొదటి సగం సీసపు అక్షరాలతో, రెండో సగం కంప్యూటరుతో. ఏది ఎక్కువ ఏడిపించిందని అడిగితే నేను ఆలోచించను కూడా. సీసం చేతులు నల్లచేసేది, సబ్బు పెట్టి తోముకుంటే పోయేది. కంప్యూటరూ, దాన్ని బాగుచేస్తామని వచ్చే పెద్దమనుషులూ కలిసి మనిషిని వెధవని చేసేవారు. దానికి ఏ సబ్బూ పనిచెయ్యదు.

తొంభైల చివర్లో వచ్చిన మొదటి కంప్యూటరు మీద మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. అందులో తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేరు ఒకటి ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు అన్నీ దాని మీదే చేసేవాణ్ణి. మీట నొక్కితే అక్షరం పడేది, నొక్కకపోతే పడేది కాదు. యంత్రం దగ్గర ఇంతకుమించిన తెలివి నాకు అక్కర్లేదు.

కొన్నేళ్లకి ఇంటర్నెట్టు వచ్చింది. దాంతోపాటు రాజమండ్రి నుంచి మోటారు సైకిలు మీద ఒక సర్వీసు మనిషి రావడం మొదలుపెట్టాడు. భుజాన సీడీల సంచీ, మొహాన చెరగని చిరునవ్వు. ఆయన దగ్గర అన్ని రోగాలకీ ఒకటే మందు. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అప్‌డేటు, ఫ్యాను గరగరలాడితే అప్‌డేటు.

"బాగానే నడుస్తోంది కదండీ, దాన్ని కెలకడం దేనికండీ?" అన్నాను ఒకరోజు.

"మీకు తెలీదండీ. ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోతే వైరస్‌లు దూరిపోతాయండీ. అప్‌డేట్ చేసేస్తే సరిపోద్దండీ."

"ఆయ్, చేసెయ్యండి. కొత్తదంటే మంచిదే కదండీ" అన్నారు మా ప్రొప్రయిటరు గారు. కొత్త కుర్చీకి ఉన్న ప్లాస్టిక్ కవరు మూడేళ్లు తియ్యని మనిషి ఆయన. అలాంటాయన కొత్తది వద్దంటారా?

మధ్యాహ్నం దాకా ఆ కంప్యూటరు తనలో తాను ఏదో చేసుకుంటూ కూర్చుంది. 'ఆపవద్దు' అని తెర మీద హుకుం. తీరా లేచాక చూస్తే సాఫ్ట్‌వేరు కాళ్లు పడిపోయినట్టయింది. మీట నొక్కి, టీ ఒక గుక్క తాగి, తెర వంక చూస్తే అప్పుడు వచ్చేది అక్షరం, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా తీరుబడిగా. సాఫ్ట్‌వేరు అమ్మినవాళ్లకి ఫోను చేస్తే తప్పు సిస్టమ్‌ది అన్నారు. సర్వీసు మనిషిని అడిగితే సాఫ్ట్‌వేరు పాతదన్నాడు. ఇంకో అప్‌డేటు వస్తుందట, దాంతో అన్నీ సర్దుకుంటాయట. వచ్చింది. ఉన్న నడక కూడా పోయింది.

ఆ రోజుల్లోనే కొత్తపేట వైపు నుంచి ఒక మాస్టారు వచ్చారు. రిటైరై పాతికేళ్లు దాటిన హెడ్మాస్టరు. మనవరాలి పెళ్లి. పెళ్లికూతురి తండ్రి, అంటే మాస్టారి కొడుకు, కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. శుభలేఖ మాత్రం నాన్నగారి పేరు మీదే వెయ్యాలని అక్కణ్ణించి ఫోనులో పట్టుబట్టాడట.

"మా పిల్లల పెళ్లిళ్లకి మా నాన్నగారి పేరు మీద వేసేరండి. నా పేరున నలుగుర్నీ పిలవడం ఇదే మొదలు. ఆఖరు కూడా ఇదేనేమో. తప్పు పోకుండా చూడండి" అన్నారు మాస్టారు.

ప్రూఫు తీసి ఇచ్చాను. ఎర్రపెన్నుతో పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దారు. అంతా అయ్యాక, కింద ఆహ్వానించేవారి చోట ఉన్న తన పేరు మీద వేలు పెట్టి, "ఇది ఒక్క పిసరు పెద్దది చేస్తారేంటండీ?" అని చిన్నపిల్లాడిలా సిగ్గుపడుతూ అడిగారు. చేశాను. ఆయన మురిసిపోయి ప్రూఫు మీద సంతకం పెట్టారు.

సరిగ్గా అప్పుడే మగపెళ్లివారి నుంచి ఫోను. పెళ్లికొడుకు తాతగారు కాలం చేసి చాలా ఏళ్లయిందట, ఆయన పేరు ముందు కీ.శే. పెట్టడం మర్చిపోయారట. బాణం గుర్తును పైకి జరిపి ఆ తాతగారి పేరు ముందు నొక్కి కీ.శే. అని కొట్టాను. తెర ఉలకలేదు, పలకలేదు. కాసేపు చూశాను. మాస్టారి బస్సుకి టైమవుతోంది, కార్డులు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. ఎలాగూ పడుతుంది కదా అని ప్రింటు ఇచ్చేశాను. అచ్చుకి మూలమయ్యే ట్రేసింగ్ కాగితం రాగానే చుట్టి ఆ స్క్రీన్ ప్రింటింగ్ ఆయన చేతిలో పెట్టాను. చదవలేదు. పాతికేళ్లలో చదవకుండా పంపింది అదొక్కటే.

నేను పైన నొక్కిన సంగతి ఆ దరిద్రపు యంత్రానికి ఇంకా చేరలేదు. దాని లెక్కలో నేనింకా కిందే, మాస్టారి పేరు దగ్గరే ఉన్నాను. కీ.శే. అక్కడ పడింది. పోయినాయన బతికాడు, బతికున్నాయన పోయాడు. పోయి, బంధుమిత్ర సపరివారంగా రమ్మని ఊరందరినీ పిలుస్తున్నాడు.

అచ్చయిన కార్డుల కట్టలు మాస్టారింట్లో దేవుడి పటం ముందు ఉన్నాయి. పది రోజుల దాకా మంచిరోజు లేదని ఎవరూ విప్పలేదు. సెలవు అడగడానికి కావాలన్నాడని కొడుక్కి మాత్రం పైనున్న కార్డు ఒకటి లాగి, ప్రూఫు దిద్దిందే కదా అని చదవకుండానే కువైట్‌కి పోస్టు చేశారు. వారానికి అక్కణ్ణించి ఫోను వచ్చింది. ఎత్తింది ఎవరో కూడా కనుక్కోకుండా, నాన్నగారు పోతే నాకు చెప్పకుండా దాచేరా అని కొడుకు భోరుమన్నాడట.

"నేనేరా మాట్లాడేది" అన్నారట మాస్టారు.

మర్నాడు కట్టలన్నీ ఆటోలో వేసుకుని ప్రెస్సుకి వచ్చారు. ఒక కార్డు తీసి నా ముందు పెట్టారు. చూడగానే నాకు తల కొట్టేసినట్టయింది. ఖర్మకొద్దీ సర్వీసు మనిషి కూడా అక్కడే ఉన్నాడు, ఇంకో అప్‌డేటు ఎక్కిస్తూ. కార్డు చూసి, చిరునవ్వు చెదరకుండా, "ఇది సిస్టమ్ తప్పు కాదండీ. ఆపరేటర్ చూసుకోవాలండీ" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి జన్మలో ఒక్క నిజం చెప్పాడు, అదీ నా మీదే చెప్పాడు.

మళ్లీ వేయిస్తానన్నాను. పంచడానికి మంచిరోజు రేపేనండీ అన్నారు మాస్టారు. ఇక మిగిలింది బ్లేడు. నాలుగు వందల కార్డులు. ఆయన పేరు ముందున్న కీ.శే. నేను గీకుతుంటే, ఆయన పక్కనే కూర్చుని పొడి ఊదేసి, పైన పెళ్లికొడుకు తాతగారి పేరు ముందు గుండ్రటి బడి దస్తూరీతో కీ.శే. రాశారు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ప్రొప్రయిటరు గారు మాత్రం రెండుసార్లు వచ్చి, గీకిన చోటు బాగానే కలిసిపోయిందండీ అని మెచ్చుకుని వెళ్లారు.

చివరి కార్డు అందుకోబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇది గీకకండి. అట్టిపెట్టుకుంటాను. ఎప్పటికైనా పనికొస్తాది" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పెళ్లి బాగా జరిగిందని విన్నాను. ఆ తర్వాత మా కంప్యూటరుకి ఎన్ని అప్‌డేట్లు పడ్డాయో నేను లెక్కపెట్టలేదు. ప్రతిదానికీ సర్వీసు మనిషి నవ్వాడు, ప్రొప్రయిటరు గారు ఆయ్ అన్నారు, నేను బూతులు మింగాను.

రెండేళ్లకి ఒక నడివయసాయన ప్రెస్సుకి వచ్చాడు. అప్పుడే గడ్డం మీసం తీసేసిన మొహం. జేబులోంచి శుభలేఖ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. గీకని కార్డు.

"కువైట్ నుంచి వచ్చేనండి. పెద్దకర్మ కార్డులు వెయ్యాలండి. పేరు ఇందులో ఉన్నట్టే వేయించమని నాన్నగారు చెప్పి పోయేరండి. సైజు కూడా ఇంతే ఉండాలన్నారండి."

కంప్యూటరు ముందు కూర్చుని కీ.శే. అని కొట్టాను. ఎప్పటిలాగే తెర ఉలకలేదు. బస్సులు వెళ్లనీ, కరెంటు పోనీ అనుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. దాన్ని తిట్టనిది ఆ ఒక్కరోజే. ఆ రెండక్షరాలూ ఎంత ఆలస్యంగా వస్తే అంత బాగుండుననిపించింది.