నూట పన్నెండో నట్టు

ఎనభైల మొదట్లో సూళగిరి నుంచి హోసూరుకు టమోటాలు తోలడానికి మాకొక పాత జీపు ఉండేది. ఇల్లు గడిచేది దాని మీదే. ఇంజను బాగా అరిగి ఆయిల్ తాగుతుంటే, బండ్ల మేస్త్రీ మునెప్పను పిలిచి మా పెరట్లోనే విప్పించాను. విప్పిన ప్రతి నట్టునూ లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకున్నాను. మొత్తం నూట పన్నెండు.

కొత్త రింగులు వేసి బిగించేటప్పుడు నూట పదకొండే ఉన్నాయి. తక్కువైన చోట మునెప్ప తన డబ్బాలోని నట్టు బిగించి, "స్టార్టు చేద్దామప్పా" అన్నాడు. నేను తాళంచెవి ఇవ్వలేదు. పాతది లోపల పడి ఉంటే ఇంజను మొత్తం పోతుంది.

"అది యాడ పోయింది మునెప్పా?"

"నువ్వు ఎక్కాలు చదువుకోప్పా, ఇంజను నాకిడిసిపెట్టు!"

నేను వినలేదు. అడుగున ఆయిల్ చాంబరు మళ్లీ విప్పించాను. ఆయిలంతా గుడ్డలో వడగట్టినా నట్టు దొరకలేదు. అంతలో అమ్మ కాఫీ తెచ్చింది.

"ఏం ఎతుకుతాండారప్పా?"

చెప్పాను.

"అదా! మీరు మొదట విప్పినదాన్ని సామి గూట్లో పెట్టి, పసుపు కుంకుమ పెట్టినాను. బండి బాగా నడవల్ల గదా!"

మునెప్ప నవ్వు ఆపుకోలేక టైరు మీద కూలబడ్డాడు. నేను తలెత్తలేకపోయాను. చాంబరు మూసి ఆయిల్ పోసి, మునెప్ప వేసిన నట్టు తీసి పసుపంటిన ఆ నట్టునే బిగించి తాళం తిప్పితే, ఇంజను మొదటిసారికే అందుకుంది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఏ లెక్క తగ్గినా ఇప్పటికీ ముందు సామి గూడే చూస్తాను.