మా ఇంటి మగవాళ్ళ దవడ

మా ఆయన పోయి ఏడాదైన రోజు జగ్గయ్యపేటలో ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. పోయినవాళ్ళ గురించి తలా నాలుగు మాటలు సాక్ష్యం చెప్పడం మా చర్చివాళ్ళ పద్ధతి. చాలామంది ఆయన గుర్రు గురించే చెప్పి నవ్వించారు. "మంచమ్మీద వాలితే రైసుమిల్లేనండి. కష్టపడ్డ మనిషి నిద్ర!" నిద్రలోనే పోవడం కూడా అదృష్టమన్నారు. నన్ను చెప్పమంటే తల అడ్డంగా ఊపా.

భోజనాలయ్యాక మరిది కుర్చీలోనే నిద్రపోయాడు. ముక్త్యాల నుంచి సిమెంటు లారీ తోలతాడు. అదే గుర్రు. "అచ్చం అన్నే!" అని మళ్ళీ నవ్వులు. నేను విన్నా. గుర్రు పెరిగింది, ఆగింది. ఊపిరీ ఆగింది. కాసేపటికి ఉలిక్కిపడి గాలి పీల్చాడు. ఆయనకీ ఇలాగే ఆగేది.

లేపి, "నిద్రలో నీకు ఊపిరి ఆగుతోంది. రేపు నందిగామలో డాక్టరుకి చూపిద్దాం" అన్నా.

"గుర్రుకి డాక్టరేంటి వదినా! స్టాండులో తెలిస్తే పరువు పోద్ది."

"పోనీ."

"లావుగా ఉన్నోళ్ళకి గదా ఆ జబ్బులు. నేను చీపురుపుల్లలా ఉన్నా."

"మీ అన్న లావా?"

అత్తయ్య అందుకుంది. "కూడిక రోజు ఇవేం మాటలమ్మాయ్? పోయినోణ్ణి రోగిష్టిని చేస్తావా?"

"బతికున్నవాడి గురించి అంటున్నా అత్తయ్యా."

మర్నాడు నందిగామలో డాక్టరు మరిది ముక్కులో, గొంతులో లైటు వేసి చూశాడు. తర్వాత పక్కకి తిరగమని ముఖం చూశాడు. "దవడ చిన్నది, వెనక్కుంది. పడుకుంటే నాలుక వెనక్కి జారి గాలిదారి మూస్తోంది. బండి తోలేటప్పుడు కునుకొస్తుందా?" మరిది నా వైపు చూసి, వస్తుందన్నాడు. విజయవాడలో చేయించిన నిద్ర పరీక్షలోనూ రాత్రంతా ఊపిరి ఆగి ఆగి వస్తోందని తేలింది.

మా పెళ్ళిచూపుల్లో "మా పిల్లలిద్దరిదీ కోలముఖం" అని అత్తయ్య మురిసిపోయిన దవడే అది.

మా ఆయన దానివల్లే పోయాడని ఏ డాక్టరూ చెప్పలేదు. నేనూ అనను. కారణం ఎవరూ వెతకలేదంటాను. నిద్రలో పోవడాన్ని అదృష్టమంటే మాత్రం ఇక ఊరుకోను.

ఇప్పుడు మరిది ముక్కుకి మాస్కు పెట్టుకుని, గాలి పంపే మిషనుతో పడుకుంటున్నాడు. గుర్రు లేదు. లారీలో కునుకూ లేదు. మొన్న అత్తయ్య అంది, "ఇంట్లో మగాడున్నట్టే లేదు. ఆ నిశ్శబ్దానికి భయమేస్తోందమ్మాయ్."

"ఆ చప్పుడుకి భయపడాల్సింది" అన్నా.

ఆమె లేచింది. కొడుకు గదిలోకెళ్ళి, తెల్లారి కడిగి ఆరబెట్టిన మాస్కు తీసుకుని మిషను పక్కన పెట్టింది.