సింహాచలం మేస్టారి పోలండ్ పిల్లలు

మా పక్క పోర్షన్లో అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు మొదలయ్యే ముందు ఆ కంప్యూటర్ బుడుంగు బుడుంగుమని మోగుతుంది. నీళ్ళలో కడవ ముంచినట్టు ఉంటుంది ఆ చప్పుడు. బొబ్బిలిలో ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ వింటున్నాను, విన్నప్పుడల్లా చేతిలో పని ఆగిపోతుంది. సింహాచలం మేస్టారు గుర్తుకొస్తారు. ఇస్త్రీ ఎరగని తెల్లచొక్కా, అరిగిన చెప్పులు, ఎవరేమన్నా చెదరని నవ్వు. మీరాయన్ని చూడలేదు, అది మీ దురదృష్టమనే అంటాను.

రాజాం దగ్గర మా హైస్కూల్లో ఆయన సోషల్ చెప్పేవారు. మ్యాపు మీద కర్ర పెట్టి దేశాలు చూపించడం ఆయనకు నచ్చేది కాదు. అక్కడి పిల్లలతో మాట్లాడకుండా ఆ దేశం గురించి ఏం తెలుస్తుంది అనేవారు. ఎవరెవరికో మెయిళ్ళు పెట్టి, చివరికి పోలండ్‌లో ఒక పల్లెటూరి బడి టీచరమ్మను పట్టారు. మా తొమ్మిదో తరగతీ, ఆవిడ తరగతీ వీడియో కాల్‌లో ఒకరి ఊరు ఒకరికి చూపించుకుని, కలిసి ఒక పుస్తకం తయారుచెయ్యాలి. అదీ ప్రాజెక్టు. హెడ్మాస్టరు గారి దృష్టిలో మాత్రం పనిలేని పని. మొదటి కాల్ చూడ్డానికి మండలం నుంచి అధికారి వస్తారనీ, ఆయన మెచ్చితేనే కంప్యూటర్లూ నెట్టూ ఉంటాయనీ, లేదంటే వేరే బడికి తరలిస్తారనీ ముందే తేల్చి చెప్పారు. మేస్టారు నవ్వుతూనే ఉన్నారు గానీ, ఆ వారమంతా ఆయన టిఫిన్ క్యారేజీ సగం నిండుగానే ఇంటికి వెళ్ళేది.

నాకు నోరెక్కువని మొదట మాట్లాడే పని నాకే అప్పగించారు. బొబ్బిలి వీణ గురించీ, శ్రీకూర్మం గుడి గురించీ ఇంగ్లీషులో బట్టీ పట్టాను. నిద్రలో కూడా ఆ గొడవేనా అని మా అమ్మ విసుక్కునేది. ఇంతా చేసి, కంప్యూటర్ బుడుంగుమని మోగి తెర మీద ఆ కొత్త ముఖాలు కనిపించేసరికి ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు. మేస్టారు వెనక నుంచి మెల్లగా అన్నారు, "ఇంటికి సుట్టాలొస్తే ముందేటి అడుగుతావే? అదే అడుగు."

మా వైపు ముందడిగేది ఒకటే, తిన్నావా అని. నాకొచ్చిన ఇంగ్లీషులో అదే అడిగాను. మాకు మధ్యాహ్న భోజనం అప్పుడే అయింది, వాళ్ళకింకా పొద్దుటి బడి వేళ. అందరూ తిన్నామని తలలూపారు. ముందు వరసలో మారెక్ అనే అబ్బాయి మాత్రం లేదన్నాడు. పెన్సిల్ లేదన్నంత మామూలుగా అన్నాడు.

తినకుండా ఎదురుగా కూర్చున్న మనిషికి మన గొప్పలు చెప్పుకుంటే మా అమ్మ చెంప పగలగొడుతుంది. అతన్ని తినమనండి, మేం ఆగుతాం అన్నాను. ఫరవాలేదు, చెప్పండి అంది టీచరమ్మ. మా క్లాసులో ఒక్కరూ కదల్లేదు. వీణ బొమ్మ పట్టుకున్న పిల్ల దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేసింది. అధికారి గడియారం చూసుకున్నారు. మొదలెట్టించండి, పరువు పోతోంది అని హెడ్మాస్టరు గారు మేస్టారి చెవి దగ్గర గొణిగారు. మేస్టారు ఒక్క మాటంటే చాలు, నేను పాఠం అప్పజెప్పేసేదాన్నే.

ఆయన అధికారి వైపు తిరిగి, చేతులు కట్టుకుని అన్నారు, "ఆగుదాం సార్. ఆకలితో ఉన్నోడికి మన గుడి గోపురాలు ఏటి అగుపిస్తాయి?"

ఆగాం. అక్కడెవరో సంచిలోంచి రొట్టె తీసి ఇచ్చారు. మారెక్ ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత గబగబా తిన్నాడు. ఎంత ఆకలి మీదున్నాడో ఆ తినడంలోనే తెలిసింది. వాళ్ళ టీచరమ్మ ముఖంలో నవ్వు పోయింది. రొట్టె అయ్యేలోపు మా ఊళ్ళో కరెంటు పోయింది. పరాయి దేశపు కుర్రాడు తింటుంటే చూడ్డానికా నన్ను పిలిచారు అని అధికారి లేచి వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా కంప్యూటర్లు వ్యాను ఎక్కాయి.

వ్యాను వెనకాల నిలబడి నేను వెక్కి వెక్కి ఏడిస్తే మేస్టారికి కోపమొచ్చింది. నా మీద ఆయన కోప్పడ్డం అదే మొదలు.

"ఏటికే ఏడుపు? తప్పు సేసినోళ్ళు ఏడవాల. నువ్వేటి తప్పు సేసినావు?"

ఆ కంప్యూటర్ గదంటే ఆయనకు ప్రాణమని ఊరంతటికీ తెలుసు.

కొన్నాళ్ళకు తన ఫోను పట్టుకుని మమ్మల్నందరినీ సిగ్నల్ దొరికే డాబా మీదకు ఎక్కించారు. అరచేతంత తెరలో ఒకరి మీద ఒకరు పడి చూశాం. పోలండ్ క్లాసులో కిటికీ పక్కన ఒక బుట్ట, అందులో రొట్టెలూ ఆపిల్ పళ్ళూ. పొద్దున తినకుండా వచ్చిన పిల్లలెవరైనా తీసుకోవచ్చట. మారెక్ ఇంట్లో పొద్దున్నే పెట్టే మనిషి లేరనీ, రోజూ ఎదురుగా కూర్చునే పిల్లాణ్ణి తానెప్పుడూ అడగలేదనీ ఆ టీచరమ్మ చెప్పింది. మేస్టారు ఫోను నా చేతిలో పెట్టి పిట్టగోడ వైపు తిరిగిపోయారు. పుస్తకం మాత్రం ఎప్పటికీ తయారుకాలేదు.

ఆయన ఇప్పుడు లేరు. నేనూ టీచర్నే అయ్యాను. తిన్నావా అని అడగడం మా జిల్లాల్లో ఎవరికీ నేర్పక్కర్లేదు, పుట్టుకతో వస్తుంది. లేదని జవాబొస్తే, ఎదురుగా ఎవరు కూర్చున్నా సరే, ఆగిపోవడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మొన్న ఇన్‌స్పెక్షన్ రోజున తిన్నావా అంటే ఒక పిల్ల తల అడ్డంగా ఊపింది. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి, వచ్చిన సార్‌ను కాసేపు కూర్చోమన్నాను.