చివరి కుళాయి దగ్గర బాబాయి

పోయిన వారం ఒకరోజు పొద్దున్నే పాలు కాస్తుంటే ఎదురింటి వదిన గేటు దగ్గరే నిలబడి చెప్పింది. "నీళ్ల బాబాయి పోయాడంటమ్మా, నిద్రలోనే." పొయ్యి కట్టేసి గడప మీదే కూలబడ్డాను. ఆయన మాకు చుట్టం కాదు. కారంపూడి దగ్గర మా ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు చూసుకునే మనిషి. ఊరంతటికీ బాబాయే.

ట్యాంకు నుంచి వచ్చే పైపు మా ఇంటితో ఆగిపోతుంది. అందుకే రోజూ మా కుళాయి దగ్గరికి వచ్చేవాడు. కాసేపు నీళ్లు వదిలేసి, చిన్న గాజు గొట్టంలో పట్టి, రెండు చుక్కల మందు వేసి వెలుతురుకు ఎత్తి చూసేవాడు. లేత పసుపు తేలితే క్లోరిన్ చివరిదాకా అందినట్టు. "ట్యాంకు కాడ బాగుంటే ఏంది లాభం? చివరి బిందెలో బాగుండాల" అనేవాడు. నీళ్లు వాసనొస్తున్నాయని నేను సణిగితే, "వాసన నాకు తిట్లు తెస్తది, నీకు జబ్బు తేదు" అని నవ్వేవాడు. తర్వాత చల్ల అడిగి మరీ తాగేవాడు. ఉప్పు తక్కువైందని వంక పెట్టకుండా ఏనాడూ గ్లాసు కింద పెట్టలేదు.

అలాంటి మనిషిని నేనొకసారి మోసం చేయబోయాను. మా అమ్మాయి ఓణీల వేడుక. ముందురోజు గొట్టంలో రంగు పలచబడింది. పైపు ఎక్కడో పగిలి మురుగు కలుస్తోందని ఆయన అనుమానం. "రేపూ ఇట్టాగే ఉంటే వాల్వు కట్టేస్తా" అన్నాడు. వంటకు నీళ్లాగిపోతే చుట్టాల్లో నా పరువేం కాను? తెల్లారి, మురుగు కాలువల్లో చల్లమని పంచాయతీ వాళ్లిచ్చిన బ్లీచింగ్ పౌడరు చిటికెడు బకెట్లో కలిపి, "ఇప్పుడే పట్టాను బాబాయ్" అని ఆయన ముందు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

చుక్కలు పడగానే గొట్టం నారింజ రంగుకు తిరిగింది. బాబాయి గొట్టం వంక, నా వంక చూశాడు.

"ఏందే అమ్మాయ్, ట్యాంకు కాడ కంటే నీ బకెట్లోనే ఎక్కువుందే!"

తానే కుళాయి తిప్పాడు. ఆ నీళ్లకు రంగే రాలేదు. వెళ్లి వాల్వు కట్టేశాడు. వీధిలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. "తిట్టు, పర్లేదు. పందిట్లో పసిపిల్లలున్నారు" అన్నాడు. గంటలో ట్యాంకరు తెచ్చి, ఆ నీళ్లు కూడా పరీక్ష చేసి వంటవాళ్లకు అప్పగించాడు. భోజనానికి మాత్రం ఆగలేదు. మధ్యాహ్నం మురుగు కాలువ పక్కన తవ్వితే పైపు జాయింటు విడిపోయి ఉంది.

సాయంత్రం సిగ్గుతో క్యారియరు తీసుకెళ్లాను. దాన్ని ఆయన ముందుకు జరిపాను. ఆయనే మూత తీసి రుచి చూసి, "పులిహోరలో ఉప్పు తక్కువే" అన్నాడు. బకెట్ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదని ఇన్నేళ్లూ నమ్మాను.

నిన్న ఆయన దగ్గర పని నేర్చుకున్నామె మొదటిసారి మా ఇంటికొచ్చింది. మర్యాదకు, పరీక్షకని నేనే బిందెతో నీళ్లు పట్టి ఇవ్వబోయాను. ఆమె మొహమాటంగా చేతులు వెనక్కి తీసుకుంది.

"ఏమనుకోబాకక్కా. పెద్దాయన పని నేర్పేటప్పుడు చెప్పాడు. చివరింటి అక్క చానా మంచిది, చల్ల ఇస్తది, గానీ ఆమె పట్టిచ్చిన నీళ్లు మాత్రం తీసుకోబాక, కుళాయి నువ్వే తిప్పు అని."

నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. ఆమె ఏమీ అర్థంకాక నన్నోసారి చూసి, కుళాయి తిప్పి, గొట్టం వెలుతురుకు ఎత్తింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. మెల్లగా లేత పసుపు తేలింది.