దాగ్మార్ చూడమన్నవి

మా లాండ్రీలో రోజుకు తొమ్మిది టన్నుల ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతాం. ఆర్హూస్ నగరంలో బొమ్మల సంగతి మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదంటే బయటివాళ్లు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. మాకు దాగ్మార్ ఉంది.

దాగ్మార్ పనిచేసేది ఇస్త్రీ యంత్రం దగ్గర. తడి దుప్పటికి ఆ కొస ఆమె, ఈ కొస నేను పట్టుకుని రోలర్ల మధ్యకు అందిస్తాం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో మేమిద్దరం మాట్లాడుకున్నదంతా రాసినా ఒక నోటు పుస్తకం నిండదు. యంత్రం మోత అలాంటిది. దాగ్మార్ కూడా అలాంటిదే.

ఆమె మా కళా సంఘానికి అధ్యక్షురాలు. డెన్మార్కులో పదిమంది ఒకచోట పనిచేస్తున్నారంటే అక్కడో కళా సంఘం ఉన్నట్టే. నెలనెలా జీతంలోంచి కొంత ఇచ్చుకుని, బొమ్మలు కొని, ఏడాది చివర చీటీలు తీసి పంచుకుంటాం. నాకు ఇంతవరకు ఒక పింగాణీ చేప దక్కింది. దానికి తోక లేదు. అదే కళ అన్నారు.

సంఘం సంగతి ఎలా ఉన్నా, అసలైనది దాగ్మార్ జాబితా. ఏటా అక్టోబరు మొదటి సోమవారం కాఫీ యంత్రం పైన ఒక కాగితం అంటిస్తుంది. ఈ కాలంలో మన ఊళ్లో చూడదగ్గ ప్రదర్శనలు, అంతే. వాటిలో ఆమె ఎంచిన ఒకదానికి సంఘమంతా కలిసి వెళ్తాం. ప్రతి ఆదివారం ఒక్కతే వెళ్లి, అన్నీ చూసి, ఒక్కోదానికి రెండు మూడు ముక్కలు రాస్తుంది. "రేవు పక్క గిడ్డంగి. ఫోటోలు. చలి, కోటు విప్పకండి. బాగున్నాయి." "పాత జైలు. వీడియో, నలభై నిమిషాలు. ఒకావిడ రొట్టె కోస్తుంటుంది, రొట్టె అయిపోదు. కుర్చీ ఉంది. చివరిదాకా కూర్చున్నాను." పేపర్లో పేజీలకు పేజీలు రాసేవాళ్లను నమ్మి రెండుసార్లు మోసపోయాను. దాగ్మార్‌ను నమ్మి ఒక్కసారి కూడా మోసపోలేదు. చూడక్కర్లేని ప్రదర్శన గురించి ఆమె చెడ్డమాట రాయదు. దాని పేరే రాయదు.

ఆ సంవత్సరం చిక్కు అక్కడే వచ్చింది. ఆమె భర్త ఐనర్ బొమ్మల ప్రదర్శన పెట్టాడు.

ఐనర్ ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. అయిన మర్నాడే రంగులు కొన్నాడు. నేలమాళిగలో బట్టలుతికే గదిలో కూర్చుని సముద్రాలు వేసేవాడు. అన్నీ సూర్యాస్తమయాలే, ఎర్రగా, నారింజగా, ఎక్కడా ఓడ అన్నది లేకుండా. ఓడలు వేయడం కష్టమని ఆయనే ఒప్పుకునేవాడు. మా పేట లైబ్రరీవాళ్లు ఒక నెలపాటు గోడ ఇస్తామన్నారు. పద్నాలుగు బొమ్మలు తగిలించాడు. కొత్త చొక్కా కొన్నాడు. మనిషి ఆనందం చూస్తే నాకు జాలేసింది.

ప్రారంభం రోజు మేమందరం వెళ్లాం. అట్టపెట్టెలో వైను, ఉప్పు బిస్కట్లు. వైను ఊరికే పోస్తున్నారు కాబట్టి అందరికీ బొమ్మలు నచ్చాయి. దాగ్మార్ ఏమీ అనలేదు. ప్రారంభం రోజు ఆమె ఏ బొమ్మ గురించీ నోరు విప్పదు. ఆ రోజు జనాల వీపులు తప్ప ఏమీ కనపడవని ఆమె అభిప్రాయం. తర్వాత ఏదో ఒక ఆదివారం ఒంటరిగా వెళ్తుంది. ఐనర్‌కు ఆ సంగతి తెలుసు. ఏ ఆదివారమా అని ఎదురుచూస్తున్నాడు.

మేమూ ఎదురుచూస్తున్నాం. జాబితాలో ఐనర్ పేరు ఉంటుందా, ఉండదా? పెడితే జాబితా మీద మా నమ్మకం పోతుంది. పెట్టకపోతే ఐనర్ పోతాడు. క్యాంటీన్‌లో వారం రోజులు ఇదే చర్చ. మరకల విభాగంలో పనిచేసే బెంటెకు మరకలే కావాలి, మనుషుల మీదైనా సరే. అందరి ముందూ అడిగేసింది.

"మొగుడి బొమ్మలు బాలేవని తేలిస్తే, ఇంట్లో నీకు కాఫీ ఎవరు పెట్టిస్తారే?"

"నేనే పెట్టుకుంటా," అంది దాగ్మార్. "ఆయన పెడితే తాగలేం."

జాబితాకు ముందు చివరి ఆదివారం ఆమె కోటు వేసుకుని, చిన్న పుస్తకం జేబులో పెట్టుకుని బయల్దేరింది. తానూ రానా అని ఐనర్ అడిగాడట. బొమ్మలు వేసినవాళ్లను వెంటబెట్టుకుని తిరగనని చెప్పిందట. లైబ్రరీ వాళ్లింటికి పది నిమిషాల నడక. ఆమె నాలుగు గంటలు రాలేదు. చేతులకు పని కావాలని ఐనర్ బంగాళాదుంపలు చెక్కు తీయడం మొదలుపెట్టి, సంచీ మొత్తం తీసేశాడు. ఆమె వచ్చి గిన్నె చూసి, ఎవరైనా భోజనానికి వస్తున్నారా అని అడిగింది. ఆ రోజుకు వాళ్లిద్దరి మధ్య మాటలు అంతే. ఇదంతా తర్వాత ఐనరే చెప్పాడు. వారమంతా బంగాళాదుంపలే తిన్నారట.

మర్నాడు ఉదయం జాబితా ఇంకా ఎక్కలేదు. రోలర్ల దగ్గర నాకు మనసు ఆగలేదు. ఐనర్ మంచివాడు. ఒకసారి వానలో పరిగెత్తి వస్తుంటే స్టాపు కాని చోట నాకోసం బస్సు ఆపాడు.

"పెట్టేయ్ దాగ్మార్," అన్నాను. "ఒక్క లైను. ఎవరు పట్టించుకుంటారు?"

"నేను," అంది. తర్వాతి దుప్పటి అందించింది.

పది గంటలకు కాఫీ విరామంలో కాగితం అంటించింది. ఎనిమిది ప్రదర్శనలు. నేను మొదట చివరిది చదివి, అక్కణ్ణించి పైకి ఎగబాకాను. ఏడోది ఇలా ఉంది: "మన లైబ్రరీ. ఐనర్ టోఫ్ట్. సముద్రాలు, పద్నాలుగు. పదమూడు చూడక్కర్లేదు. తలుపుకి ఎడమ పక్క, హీటరు దగ్గరున్నది చూడండి. సంఘం ఈసారి ఇక్కడికే వెళ్తుంది."

బెంటె రెండోసారి చదివి, కాఫీ తీసుకోకుండానే వెళ్లిపోయింది.

పదకొండింటికి ఐనర్ వచ్చాడు. దాగ్మార్ కళ్లజోడు మరిచిపోయిందని తెచ్చానన్నాడు. ఆమె కళ్లజోడు ఆమె ముక్కు మీదే ఉంది. తను తెచ్చింది పాతదట. కాఫీ యంత్రం ముందు నిలబడి చాలాసేపు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఆయన వైపు చూడబుద్ధి కాలేదు.

"ప్రేబెన్," అన్నాడు నాతో. "నిరుడు పెద్ద మ్యూజియంలో ఫ్రెంచివాళ్లవి ఎన్ని బొమ్మలు పెట్టారు?"

"రెండు వందలుంటాయి."

"వాటిలో ఎన్ని చూడమంది?"

"రెండు."

కాసేపు లెక్క వేసుకున్నాడు. తనదే నయమని తేలింది. అయినా ముఖం తేలికపడలేదు. ఆ హీటరు దగ్గరిది అసలు పెట్టకూడదనుకున్నాడట. గోడ మీద ఖాళీ మిగిలిందని లైబ్రరీ ఆవిడ అడిగితే, ఇంట్లో బీరువా వెనక నుంచి తీసుకొచ్చాడట. అది బాగుందని ఎవరైనా అంటారని అనుకోలేదట. మిగతా పదమూడింటికి ఆరేళ్లు పట్టింది. దీన్ని రెండు ఉదయాల్లో ముగించాడు.

తర్వాతి ఆదివారం వానలో ఇరవై రెండు మందిమి వెళ్లాం. హీటరు దగ్గరికి వెళ్లి నిలబడ్డాం. ఎరుపు లేదు, నారింజ లేదు. బూడిదరంగు సముద్రం, బూడిదరంగు ఆకాశం, వాటి మీద వాన చుక్కలు. మధ్యలో మాత్రం విసనకర్ర ఆకారంలో శుభ్రంగా తుడిచినట్టు ఉంది. కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు. అది బస్సు ముందు అద్దం. వైపరు ఒకసారి ఊడ్చి ఆగిపోయింది. ఆ తుడిచిన మేర సముద్రం కనపడుతోంది. నాకు అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఐనర్ ఒక మూల కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. బొమ్మ వేసినవాళ్లు అక్కడుంటే సంఘం తరఫున దాగ్మార్ ప్రశ్నలు అడగడం మా ఆనవాయితీ. ఆమె భర్త వైపు తిరిగింది.

"ఇది ఎక్కడ?"

"నాలుగో నంబరు బస్సు. చివరి స్టాపు."

"అక్కడ ఎంతసేపు ఆగేవాడివి?"

"ఆరు నిమిషాలు. తిరుగు టైము అయ్యేదాకా. రోజుకి ఎనిమిదిసార్లు."

"అప్పుడు ఏం చేసేవాడివి?"

ఐనర్ కప్పుతో బొమ్మ వైపు చూపించాడు. "ఇదే."

దాగ్మార్ మళ్లీ బొమ్మ వైపు చూసింది. తర్వాత సంఘం అధ్యక్షురాలి గొంతుతో కాకుండా, నేను ఎప్పుడూ వినని గొంతుతో అడిగింది.

"రోజూ సాయంత్రం అడిగేదాన్ని కదా, ఇవాళ ఏమైందని. ఏం లేదనేవాడివి."

"ఏం కాలేదు మరి," అన్నాడు ఐనర్. "చూస్తూ కూర్చునేవాణ్ణి. అది చెప్పడం నాకు రాలేదు."

ఇరవై రెండేళ్లలో దాగ్మార్ ఒకసారి చూసి తేల్చిన బొమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లడం నేను చూడలేదు. ఆ రోజు ఆయన చెయ్యి పట్టుకుని, చూడక్కర్లేదన్న పదమూడు సూర్యాస్తమయాల దగ్గరికీ తీసుకెళ్లింది. తన కంటికి ఇంకేమైనా తప్పిపోయిందేమో అన్నట్టు ఒక్కొక్కదాని ముందూ ఆగింది. మేం ఇరవై మందిమి కాఫీ చల్లారబెట్టుకుని చూస్తున్నాం. చివరి బొమ్మ దాకా వెళ్లి ఆమె తల అడ్డంగా ఊపింది.

"లేదు. ఆ ఒక్కటే."

"తెలుసు," అన్నాడు ఐనర్. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.